ఫిరంగులు మనవి, అధికారులు అరువు

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,



డిగ్రీ కళాశాలల్లో నడిచే నేషనల్ క్యాడెట్ కోర్ (ఎన్.సి.సి.) గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. అది మా పరిధిలోది కాదు, రక్షణ శాఖది అని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. కాగితం మీద ఆ మాట నిజమే. యూనిఫాం, రైఫిల్, క్యాంపు, పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ వాళ్లవే. కానీ ఆ యూనిఫాం తొడుక్కునే విద్యార్థి మీవాడు, పరేడ్ దగ్గరుండి చూసుకునే అధ్యాపకుడు మీవాడు, క్యాంపు కోసం వదులుకున్న క్లాసులు మీవి. ఇన్ని మీవైనప్పుడు ఆ శిక్షణలో సగం బాధ్యత కూడా మీదే కావాలి. సైనికాధికారి కాదగిన విద్యార్థిని తయారుచేయడంలో సైన్యం చేయగలిగిన పని కొంత ఉంది, విశ్వవిద్యాలయం తప్ప మరొకరు చేయలేని పని కొంత ఉంది. మొదటిది ఏదో ఒక మేరకు జరుగుతూనే ఉంది. రెండోదాన్ని ఎవరూ తమ పని అనుకోవడం లేదు. నా ఫిర్యాదు అదే, విన్నపమూ అదే.

మాట అబిడ్స్ నుంచి మొదలుపెడతాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పేరు మీద నిలిచిన ఈ కూడలికి కూతవేటు దూరంలో గన్‌ఫౌండ్రీ ఉంది. పాతబస్తీ వాళ్ల నోట అది తోప్ కా సాంచా. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం కోసం అక్కడ ఫిరంగులు పోతపోశారు. పోయించినవాడు ఫ్రెంచివాడైన రేమండ్. ఆయన చేతికింద నిజాం ఖర్చుతో పద్నాలుగు వేల మంది దాకా సైనికులు ఉండేవారని చరిత్రకారుల లెక్క. కూలీ మనది, కంచు మనది, జీతాల సొమ్ము మనది, అధికారి మాత్రం అరువు. 1798 మార్చిలో రేమండ్ పోయాడు. అదే ఏడు నిజాం ఆంగ్లేయులతో సైన్యసహకార ఒప్పందం మీద సంతకం పెట్టాడు, అక్టోబరుకల్లా ఆ ఫ్రెంచి దళం ఆయుధాలు కింద పెట్టేసింది. ఇప్పుడు మలక్‌పేట వైపు మూసారాంబాగ్ అనే పేరులో ముసియో రేమండ్ ఇంకా వినబడుతూ ఉంటాడు. ఆ తర్వాత వచ్చిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం కథా వేరు కాదు. అధికారులు ఆంగ్లేయులు, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు తాలూకు బాకీ పెరిగి పెరిగి చివరికి 1853లో బేరారు జిల్లాల్నే అప్పగించవలసి వచ్చింది. అధికారిని సొంతంగా తయారుచేసుకోలేని రాజ్యం దానికి ఎంత వెల చెల్లించిందో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

తెలుగువాళ్లకు యుద్ధం చేతకాక ఇలా జరిగిందని అనుకుంటే పొరపాటు. ఈస్టిండియా కంపెనీ తొలినాళ్ల సిపాయిల్లో కోస్తా తెలుగువాళ్లు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిన హిందుస్తానీలో సిపాయికే ‘తిలంగా’ అని పేరు పడిపోయింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిల్ని పిలిచింది కూడా ఆ పేరుతోనే. అప్పటికి ఆ మాట ఊరునో భాషనో చెప్పడం మానేసి ఉద్యోగాన్ని మాత్రమే చెబుతోంది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోపు ఆ ఉద్యోగమూ పోయింది. కొన్ని జాతులే యుద్ధవీరులు అన్న సిద్ధాంతం పైకొచ్చి, మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ల భర్తీ ఆగిపోయింది. ఇక అధికారి హోదా సంగతి చెప్పనే అక్కర్లేదు. భారతీయులకు శాండ్‌హర్స్ట్‌లో ఏడాదికి పది సీట్లు ఇచ్చిందే మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, డెహ్రాడూన్‌లో అకాడమీ తెరిచింది 1932లో. ఈ చరిత్రను ఇప్పుడు తవ్వడం ఎందుకంటే, అధికారిగా ఎదగడం అనేది ఒక ప్రాంతపు నేలలో తనంతట మొలిచే గుణం కాదని గుర్తుచేయడానికి. తలుపు ఎక్కడుందో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో, దాన్ని బట్టే ఎవరు లోపలికి వెళ్లారో తేలుతుంది.

విశ్వవిద్యాలయాల్లో సైనికశిక్షణ 1917 నుంచే ఉంది. 1920లో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్ అయింది. స్వాతంత్ర్యం వస్తున్న రోజుల్లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఒక సంఘం వేసి, దాని సిఫారసు మీద 1948లో 31వ చట్టంగా ఎన్.సి.సి. చట్టం చేశారు. ఆ జులై 15న సంస్థ పుట్టింది. అప్పటికి నాంపల్లి స్టేషన్ భారత యూనియన్‌లో లేదు. రెండు నెలల తర్వాత సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో గానీ హైదరాబాదు కలవలేదు. అంటే మనం ఈ బండి ఎక్కిందే ఆలస్యంగా. ఇందులో నన్ను ఆపిన సంగతి ఇంకొకటి ఉంది. 1942లో సంస్థ పేరులో ఉన్న ఆఫీసర్ 1948లో మాయమయ్యాడు, ఆయన స్థానంలో క్యాడెట్ వచ్చాడు. కుంజ్రూ సంఘం ఉద్దేశం మంచిదే. కొద్దిమంది కళాశాల కుర్రాళ్లకు పరిమితమైన శిక్షణను బడిపిల్లల దాకా, ఏడాది తిరగ్గానే ఆడపిల్లల దాకా విస్తరించడం జరిగింది. కానీ విస్తరించినప్పుడు పలచబడటం కూడా ఉంటుంది. బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఏది నేర్పుతామో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థికీ ఇంచుమించు అదే నేర్పితే, చివరికి మిగిలేది నడక ఒక్కటే.

అయినా తలుపు మూసుకుపోలేదు. సీనియర్ డివిజన్‌లో శిక్షణ పూర్తిచేసి, సి సర్టిఫికెట్ పరీక్షలో కనీసం బి గ్రేడు తెచ్చుకుని, డిగ్రీలో యాభై శాతం మార్కులున్న విద్యార్థి సైన్యంలో షార్ట్ సర్వీస్ కమిషన్‌కు ‘ఎన్.సి.సి. స్పెషల్ ఎంట్రీ’ కింద నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. యు.పి.ఎస్.సి. రాతపరీక్ష లేదు. దరఖాస్తుల్లోంచి ఏరి సరాసరి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్.ఎస్.బి.) ఇంటర్వ్యూకు పిలుస్తారు. గెలిస్తే అకాడమీలో 49 వారాల శిక్షణ, ఆపైన లెఫ్టినెంట్ హోదా, పదేళ్ల సర్వీసు, కావాలంటే మరో నాలుగేళ్ల పొడిగింపు. శిక్షణకాలంలోనే నెలకు 56,100 రూపాయల స్టైపెండ్. వాయుసేన, నౌకాదళాల్లో కూడా సి సర్టిఫికెట్ వాళ్లకు వేరే దారులున్నాయి. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం నాంపల్లిలోనే ఉంది కనుక ఈ చుట్టుపక్కల గ్రూప్స్ నోటిఫికేషన్ మాట వినని డిగ్రీ విద్యార్థి ఉండడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరచిన పాతపుస్తకాల్లో పోటీపరీక్షల గైడ్లకు కొదవ లేదు. మొదటి మెట్టులో రాతపరీక్షే లేని అధికారి ఉద్యోగం ఒకటి తన కళాశాల మైదానం లోంచే మొదలవుతుందన్న సంగతి ఆ విద్యార్థికి కళాశాల చెప్పాలి. కళాశాల ఇచ్చే ప్రాస్పెక్టస్‌లోనో, డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో కళాశాల పేరు పక్కనో అది కనబడాలి.

ఇక అసలు చిక్కు ఎస్.ఎస్.బి. దగ్గర మొదలవుతుంది. అది ఐదు రోజుల వ్యవహారం. మొదటిరోజు ఒక మసకబొమ్మ చూపించి కథ రాయమంటారు, ఆ కథను బృందంలో చర్చించమంటారు. అక్కడే చాలామంది వెనక్కి తిరుగుతారు. నిలబడినవాళ్లకు తర్వాత వరుసగా బొమ్మల కథలు, ఒక్కో మాటకు తోచిన వాక్యం, ఇరకాటపు సందర్భాల్లో ఏం చేస్తావో క్లుప్తంగా రాయడం. ఆపైన బృంద చర్చలు, ఊళ్లో వరద వచ్చిందో రైలు పట్టాలు తప్పిందో అని ఒక పటం చూపించి పథకం వేయమనడం, మూడు నిమిషాల ఉపన్యాసం, కర్రలూ తాళ్లూ పీపాలతో అడ్డంకి దాటించే పని, అందులో ఒక్కొక్కరికీ నాయకత్వం అప్పగించడం. వీటి మధ్యలో సుదీర్ఘమైన ముఖాముఖి. ఇందులో వాళ్లు వెతికే గుణాలు పదిహేను. చొరవ, తర్కం, బాధ్యత, నిర్ణయశక్తి, మాటతో ఒప్పించే నేర్పు, అలాంటివి. మొత్తం ఐదు రోజుల్లో ఎవరూ సావధాన్ అనరు, విశ్రామ్ అనరు. మూడేళ్లు చెప్పింది తు.చ. తప్పకుండా చేయడం నేర్చిన విద్యార్థిని, ఆ ఐదు రోజుల్లో, చెప్పేవాళ్లు లేనప్పుడు ఏం చేస్తావని అడుగుతున్నాం. మైదానంలో డ్రిల్లు విలువ లేనిదని నేను అనడం లేదు. పదిమందితో కలిసి అడుగు వేయడం తెలియనివాడు పదిమందిని నడిపించలేడు. కానీ మెట్రిక్యులేషన్‌తో అయిపోవలసిన పాఠం దగ్గరే డిగ్రీ దాకా ఆగిపోతే తప్పు డ్రిల్లుది కాదు, పై పాఠం చెప్పనివాళ్లది.

ఎన్.సి.సి. వాళ్లను నిందించే ముందు న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్ల సిలబస్‌లో వ్యక్తిత్వ వికాసం ఉంది, నాయకత్వం ఉంది, జాతీయ సమైక్యత, విపత్తు నిర్వహణ, పటం చదవడం, ఫీల్డ్‌క్రాఫ్ట్ అన్నీ ఉన్నాయి. సి సర్టిఫికెట్ రాతపరీక్షలో వాటి మీద ప్రశ్నలూ ఉన్నాయి. కానీ వాటిని చెప్పేదెవరు? బెటాలియన్ నుంచి వచ్చే పి.ఐ. స్టాఫ్ (శాశ్వత శిక్షకులు) అంటే సుబేదారూ హవల్దారూ. ఆయుధం విప్పి బిగించడంలో, కవాతులో వాళ్లకు సాటి లేదు. బృంద చర్చ నడపడం, సమకాలీన రాజకీయ భూగోళం వివరించడం వాళ్ల పని కాదు, వాళ్లను అడగడమూ అన్యాయం. ఆ పని అసోసియేట్ ఎన్.సి.సి. ఆఫీసర్‌గా నియమితుడైన అధ్యాపకుడిది. మగవాళ్లయితే నాగపూర్ దగ్గర కాంప్టీలో, ఆడవాళ్లయితే గ్వాలియర్‌లో శిక్షణ పొంది వస్తారు, లెఫ్టినెంట్ హోదాతో భుజాన నక్షత్రాలు పెట్టుకుంటారు. తిరిగొచ్చాక ఆ అధ్యాపకుడికి క్లాసుల భారం తగ్గదు. పరేడ్ ఉదయాలు, పది రోజుల వార్షిక క్యాంపు, స్టోర్స్ లెక్కలు, అలవెన్సు బిల్లులు, అన్నీ అదనం. శిక్షణ పొందినవాళ్లు లేని చోట ‘కేర్‌టేకర్’ అన్న పేరుతో ఎవరినో ఒకరిని కూర్చోబెడతారు. ఆ మాటే చెబుతోంది, సామాను పోకుండా చూసుకోవడం పని అని. పాఠం చెప్పడానికి ఎవరినీ కేర్‌టేకర్ అని పిలవం కదా.

ఇందుకు మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో యు.జి.సి. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ రాసింది, ఎన్.సి.సి.ని ఎలెక్టివ్‌గా, క్రెడిట్లున్న పాఠ్యాంశంగా తీసుకోండని. ఆరు సెమిస్టర్లకు 24 క్రెడిట్ల ప్రణాళిక కూడా తయారైంది. ఆ ఉత్తరానికి మన విశ్వవిద్యాలయాలు ఎంత ప్రాణం పోశాయో మీ దగ్గరున్న లెక్కలే చెప్పాలి. క్రెడిట్ ఇస్తే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. క్యాంపుకు వెళ్లిన విద్యార్థికి అటెండెన్సు కోసం బతిమాలుకునే పని తప్పుతుంది. ఎన్.సి.సి. చూసే అధ్యాపకుడి గంటలు వర్క్‌లోడ్‌లోకి వస్తాయి. అయితే కవాతుకు క్రెడిట్లు ఇచ్చి ఊరుకుంటే పాత సీసా మీద కొత్త చీటీ అతికించినట్టే. ఆ 24లో ఒక భాగం ఖచ్చితంగా విశ్వవిద్యాలయం తన సొంత విభాగాలతో చెప్పించాలి. చరిత్ర విభాగం సైన్యాల చరిత్ర చెప్పాలి, గన్‌ఫౌండ్రీతో మొదలుపెట్టవచ్చు. రాజనీతి విభాగం పౌర ప్రభుత్వానికి సైన్యం ఎందుకు లోబడి ఉండాలో, రాజ్యాంగం ఆ గీత ఎక్కడ గీసిందో చెప్పాలి. భూగోళ విభాగం పటం చదివించాలి. ఇంగ్లీషు విభాగం మూడు నిమిషాల ఉపన్యాసం చేయించాలి. సైన్యానికి ఇది వింతగా ఏమీ తోచదు. చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ ముగించినవాళ్లకు మద్రాసు విశ్వవిద్యాలయం రక్షణ నిర్వహణ, వ్యూహాత్మక అధ్యయనాల్లో పీజీ డిప్లొమా ఇస్తోంది. అకాడమీకి చదువు అవసరమని సైన్యానికి తెలిసింది. తెలియవలసింది మనకే.

అలాగైతే అందరికీ తప్పనిసరి చేసేద్దాం అని ఉత్సాహపడే వాళ్లుంటారు. వాళ్లను మీరు ఆపాలి, ఎందుకంటే ఆ ప్రయోగం ఒకసారి జరిగింది. చైనా యుద్ధం దెబ్బ తగిలిన మరుసటి ఏడు, 1963లో, కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. నిర్బంధం చేశారు. అంతమందికి రైఫిళ్లెక్కడివి, నేర్పేవాళ్లెక్కడివి? ఇష్టం లేనివాడిని ఎండలో నిలబెడితే అటెండెన్సు వస్తుందిగానీ క్రమశిక్షణ రాదు. ఐదేళ్లు తిరిగేసరికి, 1968లో, మళ్లీ ఐచ్ఛికం చేశారు. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) మొదలవడం వెనక కూడా ఆ అనుభవం ఉంది, తుపాకీ పట్టనివాడు చీపురైనా పట్టనీ అన్నట్టు. నేను అడిగేది ఇందుకు పూర్తిగా ఎదురు. తక్కువమందికి, ఇష్టపడి వచ్చినవాళ్లకు, ఎక్కువ లోతుగా నేర్పండి అంటున్నాను. మొత్తం క్యాడెట్ల సంఖ్యను 17 లక్షల నుంచి 20 లక్షలకు పెంచుతున్న ఈ రోజుల్లో ఆ మాట వినసొంపుగా ఉండదని తెలుసు. సంఖ్య పెంచడం ఢిల్లీ పని. లోతు పెంచడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. విశ్వవిద్యాలయం ప్రశ్నించడం నేర్పే చోటు, సైన్యం ఆజ్ఞ పాటించడం నేర్పే చోటు, రెంటినీ ఒకే ఆవరణలో పెడితే ఓడిపోయేది ప్రశ్నే అంటారు కొందరు అధ్యాపకులు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దీని మీద అమెరికా ఒక ప్రయోగం చేసి చూపింది. అక్కడ 1916 నుంచి కళాశాలల్లోనే అధికారుల్ని తయారుచేసే ఆర్.ఓ.టి.సి. పద్ధతి ఉంది. సైన్యానికి అధికారుల్ని ఇచ్చే అతిపెద్ద ఊట అదే. వియత్నాం యుద్ధం మీద కోపంతో హార్వర్డ్, కొలంబియా వంటి పెద్ద విశ్వవిద్యాలయాలు దాన్ని ఆవరణలోంచి వెళ్లగొట్టాయి. దానివల్ల యుద్ధాలు ఆగలేదు. అధికారులు వేరే కళాశాలల నుంచి వచ్చారు, అంతే. యుద్ధం వద్దనే చదువు చదివినవాళ్లు మాత్రం యుద్ధం గురించి నిర్ణయించే గదిలో తగ్గిపోయారు. 2011లో హార్వర్డ్ మళ్లీ తలుపు తెరిచింది. ఆ పద్ధతిలోనే న్యూయార్క్ సిటీ కాలేజీ అనే మామూలు ప్రభుత్వ కళాశాలలో చదివిన వలస కుటుంబపు నల్లజాతి కుర్రవాడు కోలిన్ పావెల్, 1989లో ఆ దేశ సైన్యాలన్నిటిలో అత్యున్నత హోదా గల అధికారి అయ్యాడు. ప్రశ్నించే చోటు నుంచి వచ్చిన అధికారి ప్రజాస్వామ్యానికి ప్రమాదమా, ప్రశ్న వినని చోటు నుంచి వచ్చినవాడా? అయితే అమెరికాను మక్కీకి మక్కీ దించుకోమని అనడం లేదు. అక్కడ స్కాలర్‌షిప్పు ఇచ్చి బదులుగా కొన్నేళ్ల సైనికసేవకు బాండు రాయించుకుంటారు. ఫీజు కట్టలేనివాడి చేత సంతకం పెట్టించుకోవడం సులువు. మన ఎన్.సి.సి. క్యాడెట్‌కు సైన్యంలో చేరవలసిన బాధ్యత చట్టప్రకారం ఏమీ లేదు. ఆ స్వేచ్ఛను ఒక్క అక్షరం కూడా కదపకూడదు.

మూడో అభ్యంతరం అంకెలది. ఎన్.సి.సి. స్పెషల్ ఎంట్రీ ఇటీవలి నోటిఫికేషన్లలో పురుషులకు 50 నుంచి 70 ఖాళీలు, మహిళలకు ఐదారు, అదీ దేశం మొత్తానికి, ఏడాదికి రెండుసార్లు. దీని కోసం ఇంత హంగామా ఎందుకని అడిగితే అడిగినవాళ్ల పక్షాన న్యాయం ఉంది. అందుకే ఎన్.సి.సి.ని ఉద్యోగాల కర్మాగారమని చెప్పి విద్యార్థుల్ని చేర్చుకోవడం మోసమే అవుతుంది. కానీ అంకెల్ని ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. సైన్యంలో అధికారుల కొరత వేలల్లో ఉందని ప్రభుత్వం పార్లమెంటులో చెబుతూ వస్తోంది. అధికారుల ఎంపిక కోసం సి.డి.ఎస్. అనే రాతపరీక్ష ఏటా రెండుసార్లు పెడుతున్నారు. ఎస్.ఎస్.బి. అందరికీ ఒకటే. నాంపల్లి కుర్రవాడు ఏ దారిన వెళ్లినా చివరికి ఆ ఐదు రోజుల గుండానే వెళ్లాలి. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అగ్నిపథ్ భర్తీ పథకం ప్రకటన మీద రగిలిన యువకులు, రైలు పెట్టెలకు నిప్పు, పోలీసు కాల్పులు, ఒక ప్రాణం. దేహదారుఢ్య పరీక్ష నెగ్గి రాతపరీక్ష కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల కోపం సిపాయి ఉద్యోగం పోతోందని. నాలుగేళ్లకు నూటికి డెబ్భై ఐదు మందిని ఇంటికి పంపే ఆ పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. నన్ను తొలిచేది మరొకటి. పొద్దున్నే లేచి పరుగులు తీసే ఇంతమంది తెలుగు యువకుల ఊహలో సైన్యం అంటే సిపాయి కొలువు ఒక్కటే ఎందుకు మిగిలింది? వాళ్లలో డిగ్రీ చదువుతున్నవాళ్లకు పక్కనున్న రెండో తలుపును చూపించవలసింది ఎవరు? ‘తిలంగా’ అన్న మాట పోయి వందేళ్లు దాటింది, దాని అర్థం మాత్రం మన దగ్గర ఇంకా చెలామణిలో ఉంది.

ఒకరిద్దరు పెద్ద పేర్లు చెప్పి దీన్ని కొట్టిపారేయవచ్చు. నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978లో వాయుసేనాధిపతి కాలేదా? అబిడ్స్ సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో చదివిన రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లలేదా? నిజమే, గర్వించదగ్గ సంగతులే. కానీ నిజాం కళాశాల, గ్రామర్ స్కూలు ఆనాడు ఎవరి పిల్లలకు తెరుచుకునేవో కూడా చెప్పుకోవాలి. ఇంట్లో ఇంగ్లీషు, భోజనాల బల్ల దగ్గర ప్రపంచవార్తలు ఉన్నవాడికి ఎస్.ఎస్.బి. కొత్త ఊరు కాదు. నేను అడుగుతున్నది నాంపల్లి ఇందిరా ప్రియదర్శిని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల వంటి చోట్లకు రోజూ బస్సులో, లోకల్ రైల్లో వచ్చిపోయే అమ్మాయి గురించి. డ్రిల్లు ఆజ్ఞలు హిందీలో, ఇంటర్వ్యూ చాలావరకు ఇంగ్లీషులో, ఇంట్లో తెలుగో ఉర్దూనో. ఆ పిల్ల నోట్లో మూడు భాషలు ఆడుతున్నాయి. అది లోపమని ఎవరు చెప్పారు? రకరకాల భాషల జవాన్లను నడిపించవలసిన అధికారికి అది పెట్టుబడి. ఆమెకు లేనిది ఇంగ్లీషులో నిలబడి మాట్లాడిన అలవాటు. అలవాటు చేయించడం కళాశాల పనే.

మహిళల సంగతి వచ్చింది కనుక అదీ చెప్పాలి. ఎన్.సి.సి.లో బాలికల విభాగం 1949లోనే పుట్టింది. వైద్య, నర్సింగ్ శాఖలు తప్పిస్తే సైన్యం మహిళలకు అధికారి హోదా ఇవ్వడానికి 1992 దాకా ఆగింది, చాలా విభాగాల్లో శాశ్వత కమిషన్ కోసం 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది, నేషనల్ డిఫెన్స్ అకాడమీ గేటు 2022లో తెరుచుకుంది. అంటే నలభై మూడేళ్లు ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చాం, ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండా. ఇప్పుడు దారులు పడ్డాయి గానీ ఇరుకుగా ఉన్నాయి. స్పెషల్ ఎంట్రీలో విడతకు ఐదారు ఖాళీలంటే దేశం మొత్తంలో ఐదారుగురే. మన రాష్ట్రంలోనే సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ భువనగిరి ప్రాంతంలో ఆడపిల్లల కోసం సాయుధదళాల సన్నాహక డిగ్రీ కళాశాల నడుపుతోంది. దళిత కుటుంబాల అమ్మాయిలకు ఎస్.ఎస్.బి. ఏమిటో డిగ్రీలో చేరిన రోజే తెలిసేలా చేసిన ప్రయత్నం అది. హాస్టలు, మైదానం, ప్రత్యేక సిబ్బందితో నడిచే అటువంటి కళాశాలను ప్రతి పేటలోనూ పెట్టలేం. కానీ అక్కడ చెబుతున్న పాఠాన్ని నాంపల్లికి, కోఠికి తేవడానికి అడ్డేమిటి? ఆ అధ్యాపకుల్ని పిలిచి, ఇక్కడి ఎన్.సి.సి. అధ్యాపకులతో ఒక వారం కూర్చోబెట్టండి. ఖర్చు భోజనాలకే.

నేను కోరేవి పెద్దవి కావు. దోస్త్‌లో ప్రతి కళాశాల పేరు పక్కన అక్కడ ఎన్.సి.సి. ఉందా, ఏ విభాగం, ఎన్ని సీట్లు అన్న మూడు గళ్లు చేర్చండి. ప్రవేశాల్లో ఎన్.సి.సి. కోటా లెక్క చూసే వెబ్‌సైటుకు ఇది కష్టం కాదు. ఎన్.సి.సి. ఎలెక్టివ్‌లో విశ్వవిద్యాలయం చెప్పవలసిన భాగానికి ఒక పాఠ్యప్రణాళిక సంఘం వేయండి, అందులో సికింద్రాబాద్‌లోని ఎన్.సి.సి. డైరెక్టరేట్ వాళ్లతో పాటు చరిత్ర, రాజనీతి అధ్యాపకులూ ఉండాలి. అసోసియేట్ ఆఫీసర్‌గా పనిచేసే అధ్యాపకుడి గంటలు వర్క్‌లోడ్‌లో లెక్కించమని కళాశాల విద్యా కమిషనరేట్‌కు రాయండి. చివరిగా మైదానం. ఈ పేటలో కళాశాలలు చాలావరకు రోడ్డుకూ ప్రహరీకీ మధ్య ఇరుక్కున్నవే, పరేడ్‌కు చోటు పెద్ద సమస్య. పక్కనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పూనుకుని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన నుమాయిష్ 1946 నుంచి అక్కడే జరుగుతోంది, దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. జనవరి 1 నుంచి నలభై ఆరు రోజులు ఆ నేల కశ్మీరు శాలువాలది, రంగుల రాట్నాలది. ఫిబ్రవరి సగానికి దుకాణాలు ఎత్తేశాక వారానికి రెండు పొద్దులు చుట్టుపక్కల కళాశాలల క్యాడెట్లకు ఇవ్వమని సొసైటీ వారికి మీరు ఒక ఉత్తరం రాయాలి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. వచ్చే దోస్త్ నోటిఫికేషన్ కంటే ముందు రాస్తే, ఆ మైదానం పేరు కూడా ఆ మూడు గళ్ల పక్కన వేయించవచ్చు.

ఇట్లు,
అబిడ్స్ నుంచి ఒక పౌరుడు